విప్పేసిన పట్టీ

"చూడు ఎంత ఊలు వచ్చిందో! ఇన్నాళ్ళూ ఆ బుట్టలో దండగగా పడి ఉంది."

వదినగారు ఆ మాట ఎంత సంబరంగా అందంటే, గుమ్మంలో ఒక కాలి చెప్పు విడిచి రెండోది విడవబోతున్న నిమ్మళానికి మొదట ఏమీ అర్థం కాలేదు. భోజనాల బల్ల మీద ఊలు ఉండలు వరసగా కూర్చుని ఉన్నాయి. నీలం, బూడిద రంగు, పసుపు, చివర్న ఆకుపచ్చ. పక్కన ఆమె అల్లిక బుట్ట బోర్లించి ఉంది. నేల మీదంతా ఊలు నూగు. అప్పుడు అర్థమైంది. పట్టీ లేదు... రెండేళ్ళుగా ఆమె అల్లుకుంటూ వచ్చిన పట్టీ, వెడల్పు జానెడే అయినా హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి పరిచినా ఇంకా మిగిలే పట్టీ, మొదలంటా విప్పేశారు!

"మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయిగా," వదినగారు చెప్పుకుపోతోంది. "పుట్టబోయే బిడ్డకి మా మరదలు దుప్పటి అల్లి ఇస్తుందని వాళ్ళ అత్తగారికి చెప్పేశాను. ఇంట్లో ఇంత ఊలు పెట్టుకుని కొత్తది కొనడం ఎందుకు చెప్పు? పొద్దుటి నుంచీ కూర్చుని నేనే విప్పి చుట్టాను, నీకు శ్రమ లేకుండా. ఆ పట్టీ ఎటూ దేనికీ పనికిరాదు. మెడకి చుట్టుకుందామంటే బారలకొద్దీ ఎక్కువ, కప్పుకుందామంటే జానెడు తక్కువ."

తన మాటకి తనే నవ్వుకుంది. ఆవిడ చెడ్డ మనిషి అని ఎవరూ అనరు. బడి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరై, రెండు వీధుల అవతల కాపురముంటూ, రోజూ పుట్టింటికి వచ్చి ఏదో ఒకదాన్ని పనికొచ్చేలా చేసి వెళ్ళే మనిషి. పాత చొక్కాలు మసిగుడ్డలవుతాయి, నూనె డబ్బాలు పూలకుండీలవుతాయి. ఆవిడ చేతిలో ఏదీ ఊరికే పోదు, ఎదుటివాళ్ళ ప్రాణం తప్ప.

నిమ్మళం అన్నది అత్తగారు పెట్టిన పేరు. కాపురానికొచ్చిన కొత్తలో "మా కోడలు ఎంత నిమ్మళమో, నోట్లో నాలుక లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది. చెప్పగా చెప్పగా అదే పేరైపోయింది. పుట్టింట్లో ఆమెని ఏమని పిలిచేవారో వింటే వీళ్ళు ముక్కున వేలేసుకుంటారు. మిరపకాయ! పెన్సిలు లాక్కున్నాడని అన్నయ్య చెయ్యి కొరికిన పిల్ల. నవ్వినా అరిచినా వీధి చివరికి వినిపించే పిల్ల. అలాంటి పిల్లకి పెళ్ళవగానే నాలుక మాయమైపోతుందా? ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్ళూ పళ్ళ వెనకాల నొక్కిపెట్టింది, అంతే. కూతురు పై చదువుకని హాస్టలుకి వెళ్ళాక, ఆ కాస్త మాట్లాడే తోడూ లేకుండా పోయింది.

రెండేళ్ళ కిందట, తల్లి పోయిన కొద్ది రోజులకి, కళ్ళు తిరిగి వంటింట్లో పడిపోతే క్లినిక్కి తీసుకెళ్ళారు. రక్తపోటు చూసి డాక్టరు నోరు తెరిచాడు. మాత్రలిచ్చిన నర్సు ఈమె మొహంలోకి కాసేపు చూసి, తన సంచిలోంచి ఒక క్రోషా సూదీ, సగం వాడిన ఆకుపచ్చ ఊలు ఉండా తీసి చేతిలో పెట్టింది. "మాత్ర పొద్దున ఒకటి. ఇది ఎప్పుడు కోపమొస్తే అప్పుడు," అంది. సూది లోపలికి దూర్చేటప్పుడు ఊపిరి పీల్చాలి. దారం పైకి లాగేటప్పుడు వదలాలి. కళ్ళు కుట్టు మీదే ఉండాలి. "ఏం తయారవుతుందా అని మాత్రం ఆలోచించొద్దు. ఏమీ తయారవ్వక్కర్లేదు," అని నర్సు గట్టిగా చెప్పింది. ఆ ఇంట్లో ఏమీ తయారవ్వక్కర్లేని పని ఆమెకి అదొక్కటే!

అలా మొదలైంది పట్టీ. మింగేసిన ప్రతి మాటకీ ఒక వరస అల్లింది. మొదట్లో కుట్లు ఎంత బిగుసుకుపోయేవంటే పై వరసకి సూది దూరేది కాదు. "పళ్ళు కూడా ఇలాగే బిగబట్టి ఉంటావా?" అని నర్సు దెబ్బలాడేది. పోగా పోగా చెయ్యి వదులైంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ బాల్కనీలో కూర్చుని ఒక్క వరస అల్లితే, గుండెలో దడ తగ్గి, సాయంత్రం మళ్ళీ ఈ మనుషుల మధ్యకి రావడానికి ఓపిక వచ్చేది. దాని మీద కూడా కళ్ళు పడ్డాయి. "చేతులు ఖాళీగానే ఉన్నాయిగా" అంటూ వదినగారు ఒకరికి సంచి, ఒకరికి బల్లగుడ్డ, ఎవరో మేనేజరు భార్యకి టోపీ ఒప్పుకుని రావడం మొదలుపెట్టింది. అవన్నీ అల్లి ఇచ్చింది. పట్టీ జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు.

ఇవాళ పొద్దున్న క్లినిక్కులో నర్సు రక్తపోటు చూసి, మళ్ళీ చూసి, నవ్వింది. రెండేళ్ళలో మొదటిసారి ఉండాల్సినంతే ఉందట. ఆ మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపించి, ఎవరూ తట్టక, ఇంటికెళ్ళి పట్టీ ముందేసుకుని కూర్చుందామని గబగబా నడిచి వచ్చింది.

వచ్చి చూస్తే ఇదీ వరస.

ఒళ్ళంతా వేడెక్కింది. అలవాటు కొద్దీ చెయ్యి బుట్టలోకి వెళ్ళబోయింది. బుట్టలో ఏముంది? ఈ కోపాన్ని అల్లుకోవడానికి సూదిని ఏ కుట్టులో దూర్చాలి? ఇన్నాళ్ళ మాటలూ కుట్టు తర్వాత కుట్టుగా ఊడొచ్చి బల్ల మీద కూర్చున్నాయి. ఇంక దాచడానికి చోటు లేదు. ఆమె రెండో చెప్పు కూడా విడిచి, లోపలికి వచ్చి, కుర్చీ లాగింది.

"వదినా, ఇలా కూర్చోండి. చేతులు చాపండి."

"ఎందుకే?"

"విప్పిన ఊలు మెలికలు పడి ఉంటుంది. చిలపలుగా, అంటే పెద్ద చుట్టలుగా చుట్టి, నీళ్ళలో నానబెట్టి, బరువు కట్టి ఆరేస్తే గానీ సాపవ్వదు. అలాగే అల్లేస్తే మీ మనవడికి దుప్పటి కాదు, గోనెసంచి వస్తుంది. చిలప చుట్టాలంటే ఒకళ్ళు చేతులు చాచి కూర్చోవాలి."

"ఓస్, అంతేగా," అని వదినగారు హుషారుగా కూర్చుని, పాపాయిని అందుకునేదానిలా రెండు చేతులూ చాచింది. నిమ్మళం ఎదురుగా కూర్చుని నీలం ఉండ కొస ఆ చేతులకి తగిలించి చుట్టడం మొదలుపెట్టింది.

"ఈ నీలం ఈమధ్యది," అంది. గొంతు మామూలుగానే ఉంది. "పోయిన వారం మీ వియ్యపురాలి ముందు నన్ను ఏమన్నారో గుర్తుందా? మా మరదలికేం పని, పొద్దస్తమానం కూర్చుని దారం లాగుతుంటుంది అన్నారు. అప్పుడు నా చేతుల్లో మీ అందరి ఎంగిలి కప్పులున్నాయి."

వదినగారు నవ్వబోయింది. "అయ్యో, ఏదో సరదాకి..."

"చేతులు దించకండి. చిక్కుపడుతుంది."

ఊలు గిర్రున తిరుగుతోంది. "ఇది మీరు నన్నడక్కుండా నా బీరువా తీసి, మా అమ్మ ఇచ్చిన శాలువా మీ అమ్మాయికి పెట్టిన రోజుది. ఎటూ కప్పుకోవుగా, పనికొస్తుంది అన్నారు. ఈ బూడిద రంగు మీవారు, అన్నయ్యగారు, ఆస్పత్రిలో ఉన్నప్పటిది. నెల పొడుగునా రెండు పూటలా నేను క్యారేజీ మోసుకొచ్చాను. చూడ్డానికొచ్చిన మీవాళ్ళతో ఏమన్నారు మీరు? మా అమ్మ పంపిస్తోంది పాపం అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను వదినా! క్యారేజీ నా చేతిలోనే ఉంది!"

వదినగారి నవ్వు ఎప్పుడో పోయింది. ఇంటికొచ్చిన మనిషిని నాలుగు దులిపేయడం ఆవిడకి తెలుసు గానీ, చేతులు రెండూ ఊలుకి కట్టేసుకుని ఎదురు కూర్చుని వినడం ఎప్పుడూ అలవాటు లేదు. లేవబోతే చిలప జారుతుంది. కన్ను తుడుచుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు. కిటికీ పక్క పడక్కుర్చీలో జపం చేస్తున్న అత్తగారు కళ్ళు తెరిచింది.

"ఏమ్మా నిమ్మళం, ఒంట్లో బాగాలేదా?"

"ఇవాళే బాగుందని చెప్పారు అత్తయ్యా."

పసుపు ఉండ అయ్యేసరికి వదినగారి కళ్ళ నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే నిమ్మళం భర్త భోజనానికి వచ్చారు. ఆయనకి కళ్ళజోళ్ళ షాపులు రెండున్నాయి. ఊళ్ళో అందరి చూపూ సరిచేసే మనిషికి ఇంట్లో మాత్రం దగ్గరదీ కనపడదు, దూరందీ కనపడదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు.

"ఆకలేస్తోంది, అన్నం పెట్టు," అన్నారు. ఆ తర్వాత చూశారు. "ఏంటక్కా, ఏడుస్తున్నావా?"

"మీ అక్క ఏడుపు కనిపించిందే! సంతోషం," అంది నిమ్మళం.

ఆయన తెల్లబోయారు. సంగతేంటో అక్క వెక్కుతూ చెప్పింది. విని, "పట్టీ విప్పితే ఇంత రాద్ధాంతమా? మళ్ళీ అల్లుకో. సాయంత్రం వస్తూ ఊలు తెస్తాను," అన్నారు. పుండు మీద కారం చల్లడానికి చెడ్డవాళ్ళే అక్కర్లేదు... ఆకలి మీదున్న మంచివాళ్ళు చాలు.

"మీరు ఊలు తేవద్దు. ఇక్కడ కూర్చోండి. ఆకుపచ్చ మిగిలింది, అది మీది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆ గొంతు వినలేదు. అక్క లేచిన కుర్చీలో నోరెత్తకుండా కూర్చుని చేతులు చాచారు.

ఆకుపచ్చ ఉండని నిమ్మళం కాసేపు అరచేతిలోనే ఉంచుకుంది. అల్లిక విప్పితే చివరి వరస ముందు ఊడుతుంది, మొదటి వరస అన్నిటికన్నా చివర్న వచ్చి ఉండ పైన కూర్చుంటుంది. అంటే ఇప్పుడు కొస పట్టుకుని లాగితే వచ్చేది ఆ మొదటి వరసే. నర్సు ఇచ్చిన ఊలు. రెండేళ్ళయినా దాని మెలికలు మిగతావాటికన్నా గట్టిగా ఉన్నాయి.

"రెండో షాపు తెరిచిన రోజు గుర్తుందా మీకు?" అంది, కొస ఆయన చేతులకి తగిలించి చుడుతూ. "ఇంటినిండా అతిథులు. పొద్దున నేను కూరలు తరుగుతుంటే మీ ఫోను మోగింది. మీరు బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడారు. ఎవరండీ అనడిగితే షాపువాళ్ళు అన్నారు."

ఆయన చేతులు కిందికి జారాయి.

"చేతులు దించకండి... షాపువాళ్ళు కాదు, మా అన్నయ్య. అమ్మ పరిస్థితి ఏం బాగాలేదు, వెంటనే పంపించండి అని చెప్పాడు. ఒక్క బస్సు దూరం! బస్సెక్కితే మధ్యాహ్నానికి అమ్మ దగ్గరుండేదాన్ని. మీ అతిథులు తిని, చేతులు తుడుచుకుని, ఫొటోలు దిగి, మెట్లు దిగి వెళ్ళాక, గిన్నెలన్నీ కడిగాక నాకు చెప్పారు, అప్పుడే కబురొచ్చినట్టు. నేను వెళ్ళేసరికి అమ్మ లేదు. సాయంత్రం దాకా గుమ్మం వైపే చూసిందట. చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా అది వచ్చిందా, అది వచ్చిందా అని అడిగిందట... మీ అతిథులకి నేను మజ్జిగ వడ్డిస్తున్నప్పుడు, మా అమ్మ నాకోసం అడుగుతోంది!"

ఆయన జారిన చేతులు మళ్ళీ ఎత్తారు. "నీకు... ఎప్పటి నుంచి తెలుసు?"

"ఆ రోజు నుంచే. నేను గడప దాటగానే అన్నయ్య అందరి ముందూ అడిగాడు, పొద్దున్నే ఫోను చేస్తే ఇప్పుడా రావడం అని. మీరింకా కింద టాక్సీ పంపించేస్తున్నారు."

"మరి నువ్వేం చెప్పావు?"

"మా ఆయన నాకు చెప్పలేదంటే ఇంక మిమ్మల్ని ఆ గుమ్మం ఎక్కనిస్తారా? నలుగుర్లో మీ తల ఏమవుతుంది? అందుకని, తెలుసు అన్నయ్యా, వంట మధ్యలో వదిలేసి రాలేకపోయాను అన్నాను. అమ్మ కన్నా నీకు వంటే ఎక్కువైందా, ఇంక నా మొహం చూడొద్దు అన్నాడు. రెండేళ్ళయింది. బావగారు బాధలో ఉన్నారు, అందుకే రావట్లేదు అని మీరు అందరికీ చెప్తుంటారే... అన్నయ్య బాధలో లేడు. నన్ను అసహ్యించుకుంటున్నాడు. మీరు చేసినదానికి!"

వదినగారు గోడకి ఆనుకుని చెంగుతో మొహం కప్పుకుంది. "భోజనాలయ్యాక చెబుదామని నేనే అన్నాను తమ్ముడితో," అంది లోపల్నుంచి. "వంట ఎవరు చూస్తారని..."

పడక్కుర్చీ కిర్రుమంది. అత్తగారు ముందుకి వంగి, కోడలి వైపు కాకుండా నేల వైపు చూస్తూ అడిగింది. "ఆ రోజు నేను వంటింట్లోకి వచ్చాను. గుర్తుందా అమ్మా?"

"వచ్చారు. కూర నోట్లో వేసుకుని ఉప్పు తక్కువైందన్నారు."

"ఉప్పు సరిగ్గానే ఉంది. నీకు చెప్పేద్దామనే వచ్చాను. నీ మొహం చూశాక నోరు రాలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని ఉప్పు అన్నాను."

నిమ్మళం చేతిలో ఉండ ఆగింది. ఆ మాట నమ్మి ఆ రోజు ఆమె మళ్ళీ ఉప్పు వేసింది. అతిథులు ముద్ద దిగక నీళ్ళు తాగారు. మా నిమ్మళానికి ఇవాళ పరధ్యానం అని ఇల్లంతా నవ్వారు, ఆమె కూడా నవ్వింది. అమ్మ కొనఊపిరితో ఉన్నప్పుడు తను ఉప్పు గురించి సిగ్గుపడింది! అంతదాకా ఒక్క చుక్క రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి, ఏడుపుకన్నా కోపమే ఎక్కువగా ఉన్న కన్నీళ్ళు. ముగ్గురూ కలిసి ఒక మనిషిని ఇంత ఒంటరిని చెయ్యొచ్చా? అదీ ప్రేమగా, నిమ్మళం అని పిలుస్తూనే!

అంతలో ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. షాపు నుంచి. ఆయన చాచిన చేతుల వైపు చూసుకున్నారు. ఆ రోజు ఫోను ఎత్తిన చేతులే అవి. మోగి మోగి ఆగిపోయింది.

"జేబులోంచి ఫోను తియ్యి," అన్నారు చివరికి.

"షాపు ఎక్కడికీ పోదు."

"షాపుకి కాదు. మీ అన్నయ్యకి కలుపు. అక్కకీ అమ్మకీ కూడా వినపడేలా పెట్టు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. వెటకారం కాదు, తప్పించుకోవడమూ కాదు. ఫోను తీసి కలిపి, బల్ల మీద ఆయన ముందు పెట్టింది. అవతల అచ్చు యంత్రం దడదడ వినిపించింది. అన్నయ్య పనిచేసేది ప్రెస్సులో.

"చెప్పండి బావగారూ," అన్నాడు ముక్తసరిగా.

"బావగారూ, ఆ రోజు మీరు ఫోను చేసిన సంగతి నేను ఈవిడకి చెప్పలేదు." ఆయన ఫోను మీదికి వంగారు. "అతిథులు వెళ్ళేదాకా దాచాను. మీ చెల్లెలికి ఏమీ తెలియదు. నా పరువు పోకూడదని, తనకి ముందే తెలుసని మీతో అబద్ధం చెప్పింది. రెండేళ్ళ నుంచి ఆ మాట తనే మోస్తోంది. మీరు నిలదీయాల్సింది నన్ను."

యంత్రం దడదడ కాసేపు అలాగే వినిపించింది. తర్వాత ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయింది.

"అది అక్కడే ఉందా?"

"ఎదురుగానే ఉంది. వింటోంది."

"ఏమే మిరపకాయ్..." అన్నాడు అన్నయ్య.

ఆ పిలుపు చెవిన పడగానే పళ్ళ వెనకాల ఇన్నేళ్ళు నొక్కిపెట్టిందంతా ఒక్కసారి లేచింది. "రెండోసారి అడగడానికి నీకేమైంది అన్నయ్యా?" అని అరిచింది. బాల్కనీ పిట్టగోడ మీద పావురాలు లేచిపోయాయి. "నేను అమ్మని వదిలేసి వంట చేసుకుంటూ కూర్చునేదాన్నా? నీకు తెలీదూ నేనెలాంటిదాన్నో? నేను అబద్ధం చెప్తే నమ్మేస్తావా? అంత తేలిగ్గా నమ్మేస్తావా నువ్వు?"

"తిట్టవే, తిట్టు," అన్నాడు అవతల్నుంచి ఏడుస్తూ. "ఈ నోరు ఎక్కడికి పోయిందే ఇన్నాళ్ళూ? రేపు పొద్దున్నే రా. వచ్చి ఎదురుగా తిట్టు."

ఆ మధ్యాహ్నం ఎవరి అన్నం వాళ్ళే వడ్డించుకున్నారు. క్షమించేశానని ఎవరూ అనుకోకండి అని ఆమె ముగ్గురికీ విడివిడిగా చెప్పింది. దుప్పటి సంగతి కూడా తేల్చేసింది. "మీ మనవడి దుప్పటి మీరే అల్లండి వదినా. సూది ఎలా పట్టుకోవాలో నేను నేర్పుతాను." నీలం, బూడిద, పసుపు చిలపల్ని బకెట్లో నానబెట్టి, కిందికి లాగేలా బరువులు కట్టి, బాల్కనీ తీగ మీద వదినగారి చేతే ఆరేయించింది. అత్తగారు వచ్చి, చాలాసేపు పక్కన నిలబడి, మెలికలు సాపవుతున్నాయా లేదా అని చూసి వెళ్ళింది. నిమ్మళం అని మాత్రం పిలవలేదు.

ఆకుపచ్చని మాత్రం ఆమె తడపలేదు. మెలికలతోనే మళ్ళీ ఉండ చుట్టి చేతిసంచిలో వేసుకుంది.

మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఉండా, సూదీ బయటికి తీసింది. పక్క సీట్లో ఆయన పళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా బడిలో చేరినవాడిలా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. బావగారింటి గుమ్మంలో ఏం జరుగుతుందో ఆయనకి తెలియదు. బస్సు కదిలింది. ఆమె ఊపిరి పీల్చి సూది దూర్చింది, వదులుతూ దారం లాగింది. మొదటి గొలుసు కుట్టు వదులుగా, తేలిగ్గా వచ్చింది.

"ఇంకా కోపంగా ఉందా?" అని మెల్లగా అడిగారు.

"ఉంది," అంది ఆమె, కుట్టు మీంచి కళ్ళెత్తకుండా. "దిగేదాకా చెప్తాను, వినండి."